గోదావరి డెల్టా తీరంలో జంటగా కారవాన్ ప్రయాణం: అద్దెకు తీసుకోవడం నుంచి అప్పగించే దాకా

కాకినాడలో బయల్దేరి యానాం, అమలాపురం, ఓడలరేవు, అంతర్వేది, నరసాపురం మీదుగా పేరుపాలెం దాకా ఇద్దరమే కారవాన్‌లో (లోపలే పడుకుని, వండుకోవడానికి వీలున్న బండిలో) వెళ్లాలంటే ఎలా అని చాలామంది అడుగుతున్నారు. పక్కదారులు కలుపుకొన్నా సుమారు 220–230 కిలోమీటర్లే. దూరం ఇక్కడ లెక్కలోకి రాదు. చూసుకోవాల్సింది నీళ్లు, ఇరుకు రోడ్లు, రాత్రి బండి ఆపే చోటు.

అన్నిటికంటే ముందు ఒక నియమం పెట్టుకోండి. ఆర్టీసీ బస్సు తిరిగే రోడ్డు వరకే కారవాన్. అక్కడి నుంచి లోపలికి ఆటో, లేదంటే నడక. కింద చెప్పే జాగ్రత్తల్లో సగం ఈ నియమంలోంచి వచ్చినవే.

1. ముందు రోజులు ఎంచుకోండి

జులై నుంచి సెప్టెంబరు దాకా గోదావరికి వరదల కాలం. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది ఇస్తారు. ఏ హెచ్చరికైనా అమల్లో ఉంటే ఈ ప్రయాణం పెట్టుకోవద్దు. లంకల వైపు కాజ్‌వేలు మునిగితే బండి ఉన్నచోటే ఉండిపోతుంది.

అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య వరకు తుఫాన్ల భయం. 1996 నవంబరు 6 నాటి తుఫానును కోనసీమ వాళ్లు ఇప్పటికీ తలచుకుంటారు. వాయుగుండం అన్న మాట వాతావరణ శాఖ నోట వినబడితే ప్రయాణం వాయిదా వేసుకోండి.

అన్నిటికంటే మంచి రోజులు సంక్రాంతి హడావుడి తగ్గాక, జనవరి మూడో వారం నుంచి మార్చి మొదటి వారం దాకా. రాత్రిళ్లు ఫ్యాన్ చాలు, ఏసీ అక్కర్లేదు. కరెంటు లెక్క సగం అక్కడే తేలిపోతుంది.

ఆ రోజుల్లోనూ, వాటికి కాస్త ముందూ కొన్ని తేదీలు వదిలేయాలి:

- సంక్రాంతి మూడు రోజులు. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం వల్ల అమలాపురం చుట్టుపక్కల రోడ్లు జనంతో నిండిపోతాయి.
- మాఘంలో భీష్మ ఏకాదశికి అటూ ఇటూ రోజులు. అంతర్వేది తీర్థం అప్పుడే. చూడాలనుకుంటే బస్సులో రండి, కారవాన్‌తో వద్దు.
- మహాశివరాత్రి. ద్రాక్షారామం, కోటిపల్లి, పాలకొల్లు మూడు చోట్లా రద్దీయే.

2. బండి తీసుకునేటప్పుడు అడగాల్సినవి

ఇద్దరికి టెంపో ట్రావెలర్ సైజు బండి చాలు. బస్సు సైజు కారవాన్ ఫొటోల్లో బాగుంటుంది కానీ కాలువగట్టు మీద ఎదురుగా లారీ వస్తే దాన్ని పక్కకు తీయడానికి చోటుండదు.

డ్రైవరుతో అద్దెకిచ్చే బండికి పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలు ఉంటాయి. మీరే నడుపుకోవడానికి ఇచ్చేదానికి నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలు ఉంటాయి. తెల్ల ప్లేటు ఉన్న సొంత బండిని ఎవరైనా తక్కువ ధరకు అద్దెకిస్తామంటే ఒప్పుకోకండి. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు దగ్గర చిక్కు వస్తుంది.

మామూలు ఎల్ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్సుతో మొత్తం బరువు 7,500 కిలోల లోపు బండి నడపవచ్చు. ఆర్సీలో ఆ అంకె మీరే చూసుకోండి.

యానాం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలోది. జాతీయ రహదారి దాని గుండానే వెళ్తుంది. అందుకే పర్మిట్ అక్కడ కూడా చెల్లుతుందా అని అద్దెకిచ్చేవాళ్లను అడిగి, జవాబు రాతపూర్వకంగా, కనీసం వాట్సాప్‌లో అయినా తీసుకోండి.

బండి చేతికి వచ్చే ముందు:

- పైన ఏసీ, సోలార్ పలకలతో కలిపి ఎత్తు ఎన్ని అడుగులో టేపుతో కొలిచి, ఆ అంకె స్టీరింగ్ దగ్గర అతికించండి
- స్టెప్నీ, జాకీ, వీల్ స్పానర్ ఉన్నాయా, జాకీ ఈ బండి బరువు మోస్తుందా
- బండిని లాగే కొక్కెం ఎక్కడుంది
- నీళ్ల ట్యాంకు, వాడిన నీళ్ల ట్యాంకు ఎన్ని లీటర్లు
- బ్యాటరీ ఎన్ని యాంపియర్-అవర్లు, ఏ రకం
- కిటికీలన్నిటికీ దోమల జాలీ చిరగకుండా ఉందా
- బండి లోపలా బయటా వీడియో తీసుకున్నారా

3. ఇద్దరిలో ఎవరి పని ఏది

బయల్దేరక ముందే మాట్లాడుకోవాల్సిన విషయం ఇది. ఒకరు నడిపితే రెండోవారు దారి, తీగలు, వెనక్కి తీయడం చూసుకోవాలి. రివర్స్ చేసేటప్పుడు రెండోవారు తప్పనిసరిగా కిందికి దిగాలి. డ్రైవరు అద్దంలో కనబడే చోటే నిలబడాలి. అద్దంలో మనిషి కనబడకపోతే బండి కదపకూడదు.

రెండే సైగలు పెట్టుకోండి: చెయ్యి ఊపితే రా, అరచెయ్యి చూపితే ఆపు. "కొంచెం ఇటు", "కాదు అటు" అని కేకలు వేసుకుంటే అక్కడే మాటా మాటా పెరుగుతుంది.

నడపడం ఇద్దరికీ వస్తే పూటకొకరు తీసుకోండి. ఒక్కరికే వస్తే రోజుకు 50–60 కిలోమీటర్లు మించవద్దు. వంట, టాయిలెట్ శుభ్రం, నీళ్లు పట్టడం రెండోవారి నెత్తినే పెట్టకుండా వంతులు వేసుకోండి. తాళాలు రెండు జతలు తీసుకుని, ఎవరి జత వాళ్ల దగ్గరే ఉంచుకోండి. ఇద్దరి ఆధార్ కార్డులూ చేతికి అందే చోట ఉంచండి. లాడ్జీల వాళ్లు అడుగుతారు, రాత్రి పోలీసులు ఆపినా పనికొస్తాయి.

4. కరెంటు, నీళ్లు, గ్యాస్ లెక్క

కరెంటు: 12 వోల్టుల 100 యాంపియర్-అవర్ బ్యాటరీలో ఉండేది 1,200 వాట్-అవర్లు. లెడ్ యాసిడ్ రకమైతే అందులో సగమే వాడాలి, అంటే 600. చిన్న ఫ్యాన్ రాత్రంతా తిరిగితే 200 అవుతుంది. లైట్లు, ఫోన్లకు ఇంకో 100. చిన్న ఫ్రిజ్ రోజుకు 400–500 లాగుతుంది. అంటే ఒక్క బ్యాటరీ బండిలో ఫ్యాన్, ఫ్రిజ్ రెండూ రోజంతా నడవవు. రాత్రి ఫ్రిజ్ ఆపేయండి, లేదంటే రెండు బ్యాటరీల బండి అడగండి.

ఒక టన్ను ఏసీ వెయ్యి వాట్లకు పైగా తీసుకుంటుంది. ఆ బ్యాటరీ మీద అరగంట తిరగడం కూడా కష్టం. ఏసీ కావాలంటే రాత్రికి ప్లగ్ పాయింట్ ఉన్న చోటే ఆగాలి.

ప్లగ్‌కి కలిపేటప్పుడు వరుస ఇది:

- 2.5 చదరపు మిల్లీమీటర్ల మందం ఉన్న 25 మీటర్ల కేబుల్ మీదే తీసుకెళ్లండి.
- సాకెట్ 16 యాంప్‌లదేనా, ఎర్తింగ్ ఉందా అని టెస్టరుతో చూడండి. తేడా కనబడితే కలపొద్దు.
- కేబుల్‌ని చుట్ట మీద నుంచి పూర్తిగా విప్పండి. చుట్టగా ఉంచి ఏసీ వేస్తే వేడెక్కి కరిగిపోతుంది.
- ముందు బండి వైపు, తర్వాత గోడ వైపు కలపండి. తీసేటప్పుడు ముందు గోడ వైపు తీయండి.

నీళ్లు: పొదుపుగా వాడితే ఇద్దరికి రోజుకు 40 లీటర్లు చాలు. 80 లీటర్ల ట్యాంకు రెండు రోజులు వస్తుంది. తీరానికి దగ్గరయ్యే కొద్దీ చాలా చోట్ల బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. అందుకే ట్యాంకు అమలాపురం, రాజోలు, పాలకొల్లు లాంటి పట్టణాల్లో హోటల్‌లోనో బంకులోనో అడిగి నింపుకోండి. తాగడానికి, వంటకు ఏ ఊళ్లోనైనా మినరల్ వాటర్ ప్లాంటు నుంచి 20 లీటర్ల టిన్ను దొరుకుతుంది.

గ్యాస్: ఇంట్లో వాడే 14.2 కిలోల సిలిండరు బండిలో పెట్టొద్దు. 5 కిలోలది చాలు. వంట గ్యాస్ గాలికంటే బరువు, లీకైతే నేలబారున పేరుకుంటుంది. సిలిండరు పెట్టే గూటికి కింది భాగంలో బయటికి కన్నం ఉందో లేదో చూడండి. బండి కదిలే ముందు రెగ్యులేటరు ఆపేయాలి, ప్రతిసారీ.

5. దారి, వంతెనలు

ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలుతుంది. వశిష్ఠ నుంచి వైనతేయ విడిపోతుంది. మీ దారి మూడు పాయలనూ దాటుతుంది. 216వ జాతీయ రహదారి మీదే ఉంటే మూడింటికీ వంతెనలున్నాయి:

- గౌతమి మీద యానాం–ఎదుర్లంక వంతెన. దీనికి జి.ఎం.సి. బాలయోగి పేరు పెట్టారు.
- వైనతేయ మీద బోడసకుర్రు–పాశర్లపూడి వంతెన.
- వశిష్ఠ మీద దిండి–చించినాడ వంతెన.

ఫోనులో మ్యాప్ దగ్గరి దారి అని సఖినేటిపల్లి–నరసాపురం రేవునో, ముక్తేశ్వరం–కోటిపల్లి రేవునో చూపించవచ్చు. అక్కడ దాటించేది పంటు, అంటే మనుషుల్ని, బండ్లను ఎక్కించుకుని నది దాటించే బల్లపరుపు పడవ. మనుషులకు, బైకులకు సరే. ఎత్తూ బరువూ ఉన్న కారవాన్‌ని దాని మీద ఎక్కించవద్దు. అంతర్వేది చూశాక వచ్చిన దారినే వెనక్కి వచ్చి దిండి దగ్గర వంతెన దాటండి. పంటు ఎక్కాలని సరదాగా ఉంటే బండి సఖినేటిపల్లిలో వదిలి, ఇద్దరూ నరసాపురం వెళ్లి తిరిగి రండి. ఆ సరదా వదులుకోవద్దు కూడా.

నేను చెప్పే వరుస ఇది. మొదటి రోజు కాకినాడ నుంచి కోరంగి మడ అడవులు చూసుకుని యానాం. రెండో రోజు అమలాపురం. మూడో రోజు బండి అమలాపురంలోనే ఉంచి ఆటోలో ఓడలరేవు. నాలుగో రోజు రాజోలు మీదుగా అంతర్వేది. ఐదో రోజు దిండి. ఆరో రోజు పాలకొల్లు, నరసాపురం, పేరుపాలెం. తొందరుంటే యానాం హాల్టు తీసేయండి కానీ దిండి తీయకండి. ఏ పనీ లేకుండా కూర్చునే రోజు ఒకటి ఉండాలి, దానికి దిండి కన్నా మంచి చోటు ఈ దారిలో లేదు.

ఉప్పాడ కూడా చూడాలనుకుంటే కాకినాడ నుంచి బీచ్ రోడ్డు ఉంది. సముద్రం పోటెత్తిన రోజుల్లో అలలు ఆ రోడ్డును కొడతాయి, కోసేస్తాయి కూడా. కాకినాడలో కనుక్కున్నాకే వెళ్లండి.

యానాం నుంచి మద్యం బాటిళ్లు ఆంధ్రలోకి తేకండి. చెక్‌పోస్టులో దొరికితే కేసు రాస్తారు, బండి కూడా ఆగిపోతుంది.

6. కాలువగట్టు రోడ్ల మీద నడపడం

ఈ రోడ్లకు ఒక పక్క కాలువ, ఇంకో పక్క పల్లంలో పొలమో రొయ్యల చెరువో ఉంటుంది. తారు అంచు దాటితే ఒండ్రు మట్టి. ఎండలో గట్టిగా కనిపిస్తుంది, కిందంతా మెత్తన. వాన పడిన రెండు రోజుల దాకా చక్రం తారు దిగకూడదు.

ఎదురుగా బస్సో, కొబ్బరికాయల లారీయో వస్తే మీరే ముందు ఆగండి. ఇల్లు, గుడి, సెంటరు లాంటి వెడల్పు చోటు చూసుకుని పక్కకు తీయండి. అది వెనకుంటే రెండోవారు దిగి సైగ చేస్తుండగా వెనక్కి రండి. కాలువ వైపు అంచుకి మాత్రం పోవద్దు. పుంత రోడ్లలోకి (పొలాల మధ్య బండ్ల దారుల్లోకి) అసలు దిగవద్దు, తిప్పుకోవడానికి చోటుండదు.

పైన వేలాడే తీగల మీద కన్నుండాలి. కేబుల్ టీవీ తీగలు, ఇళ్లకు వెళ్లే కరెంటు తీగలు ఊరి మధ్యలో బాగా కిందికి ఉంటాయి. అనుమానం వస్తే ఆపి, దిగి చూడండి. కర్రతో తీగ ఎత్తి బండి పోనివ్వడం ప్రాణాలతో చెలగాటం. ఎవరైనా ఎత్తుతామన్నా వద్దనండి, వెనక్కి తిప్పుకుని వేరే దారి పట్టండి.

కోతల రోజుల్లో రోడ్డు పక్కనే ధాన్యం ఆరబోస్తారు. సగం రోడ్డు ఆక్రమించినా సరే, ధాన్యం తొక్కొద్దు. అది ఒక కుటుంబం పంట మొత్తం కావచ్చు. జనవరిలో పొద్దున్నే మంచు దట్టంగా పడుతుంది, ఎనిమిది దాటాక బయల్దేరండి. చీకటి పడ్డాక మాత్రం ఎంత దగ్గరైనా నడపకండి.

పాశర్లపూడి, నగరం, రాజోలు చుట్టుపక్కల గ్యాస్ బావులు, పైపులైన్లు ఉన్నాయి. 1995లో పాశర్లపూడిలో బావి బ్లోఅవుట్ అయింది (గ్యాస్ అదుపు తప్పి ఎగజిమ్మింది), 2014లో నగరంలో పైపులైను పేలి ప్రాణాలు పోయాయి. పైపులైను బోర్డు కనబడిన చోట ఆగొద్దు, స్టవ్ వెలిగించొద్దు.

7. రాత్రి ఆపే చోటు

మధ్యాహ్నం మూడు గంటలకే చోటు చూసుకోవడం మొదలుపెట్టండి. నా వరుస ఇది:

- ఆవరణ ఉన్న లాడ్జి లేదా రిసార్టు. ఒక చిన్న గది తీసుకుంటే స్నానం, ప్లగ్, టాయిలెట్ అన్నీ కుదురుతాయి. దిండిలో పర్యాటక శాఖ రిసార్టు ఉంది.
- పెద్ద గుడి పార్కింగ్, దేవస్థానం ఆఫీసులో చెప్పి. అక్కడ మాంసం, చేపలు వండొద్దు.
- హైవే మీద రాత్రంతా తెరిచి ఉండే పెట్రోలు బంకు, మేనేజరు ఒప్పుకుంటే. బంకు ఆవరణలో స్టవ్ అస్సలు వెలిగించవద్దు.

బీచ్ మీద మాత్రం రాత్రి వద్దు. అమావాస్యకు, పౌర్ణమికి పోటు బాగా పైకి వస్తుంది. సాయంత్రం పొడిగా ఉన్న ఇసుక తెల్లవారే సరికి నీళ్లలో ఉండవచ్చు.

కొబ్బరి చెట్టు కింద ఆపకండి. నీడ బాగుందని అందరికీ మనసు అటే లాగుతుంది. కాయ పడితే సోలార్ పలక, అద్దం పగులుతాయి. మనిషి తల మీద పడితే చెప్పక్కర్లేదు. పైకి చూసి, మట్టలు చేరని చోట ఆపండి.

ఊళ్లో ఆపాలంటే దగ్గరున్న ఇంటి వాళ్లను అడగాలి. "అండీ, ఈ రాత్రికి బండి ఇక్కడ పెట్టుకుని పొద్దున్నే వెళ్లిపోతాం, మీకేమైనా ఇబ్బందా అండీ?" అని భార్యాభర్తలిద్దరూ కలిసి వెళ్లి అడగండి. "ఆయ్, పెట్టుకోండి" అన్నారంటే ఆ రాత్రికి మీ బండికి కాపలా వాళ్లే. బండి లోపల ఎలా ఉంటుందో చూస్తామని పిల్లలు వస్తారు, ఒక్కసారి చూపించండి.

సాయంత్రం ఐదున్నరకే తలుపులు మూసి జాలీలు వేయాలి. ఆరు దాటాక వేస్తే దోమలు లోపలే ఉంటాయి. పడుకునేటప్పుడు రెండు వైపులా కిటికీలు కొద్దిగా తెరిచి ఉంచండి. లేకపోతే తీరపు తేమకు పరుపు కింద బూజు పడుతుంది.

8. మురుగు నీళ్లు, టాయిలెట్

ఈ వ్యాసంలో ఒక్క భాగమే చదువుతామంటే ఇదే చదవండి.

డెల్టాలో ఊళ్ల మంచినీటి చెరువులు నిండేది ఈ కాలువల నీటితోనే. మీరు రాత్రి కాలువలో ఒంపింది దిగువన ఇంకో ఊరి బిందెలోకి వెళ్తుంది. టాయిలెట్ డబ్బా అయినా, గిన్నెలు కడిగిన సబ్బు నీళ్లు అయినా కాలువలోకి, పంట బోదెలోకి, చెరువులోకి పోయకూడదు. చేపల చెరువు గట్టు మీద కూడా అంతే, సబ్బు నీళ్లు చేరితే రైతు పెట్టుబడికి నష్టం.

- 20 లీటర్ల టాయిలెట్ డబ్బా ఇద్దరికి రెండు, మూడు రోజులు వస్తుంది. నిండే దాకా ఆగకండి, రెండో రోజే ఖాళీ చేయండి.
- లాడ్జిలో, బంకులో టాయిలెట్ ఉంటే అడిగి అందులోనే ఒంపి, రెండు బకెట్లు నీళ్లు పోసి, అక్కడంతా కడిగి రండి. శుభ్రం చేసే మనిషికి డబ్బులివ్వండి.
- పగలు బయటి టాయిలెట్లే వాడండి. డబ్బా రాత్రికి మాత్రమే.
- వాడిన నీళ్ల ట్యాంకు కూడా లాడ్జి బాత్రూములోనే ఖాళీ చేయండి.
- ప్యాడ్లు, ప్లాస్టిక్ వేరే సంచిలో కట్టి మునిసిపాలిటీ బండి వచ్చే పట్టణంలోనే వేయండి.

9. సముద్రం దగ్గర

అంతర్వేదిలో వశిష్ఠ సముద్రంలో కలిసే చోటును అన్నాచెల్లెళ్ల గట్టు అంటారు. చూడండి, నీళ్లలోకి దిగవద్దు. నది మొగల దగ్గర ఇసుక దిబ్బలు జరుగుతుంటాయి. మోకాలి లోతు అనుకున్నది రెండడుగులు వేసేసరికి తల మునిగే లోతు అవుతుంది. ఓడలరేవు, పేరుపాలెంలో కూడా స్థానికులు చూపించిన చోటే, ఒకరు దిగితే ఒకరు గట్టున ఉండి, స్నానం చేయండి.

బండి ఇసుకలో దిగబడితే:

- వెంటనే యాక్సిలరేటర్ వదిలేయండి. తొక్కే కొద్దీ చక్రం ఇరుసు దాకా దిగుతుంది.
- చక్రాల ముందు, వెనక ఇసుక చేత్తో తీయండి.
- వెనక టైర్లలో గాలి మూడో వంతు తగ్గించండి.
- చక్రాల కింద కొబ్బరి మట్టలు పరిచి, రెండో గేరులో మెల్లగా కదపండి.
- రాకపోతే ట్రాక్టరు పిలవండి. తాడు లాగే కొక్కేనికే కట్టాలి, బంపరుకు కట్టనివ్వద్దు.
- తారెక్కగానే గాలి మళ్లీ నింపండి, దగ్గర్లోని పంక్చర్ షాపు దాకా నెమ్మదిగా వెళ్లండి.

10. తిండి

బండిలో వంట టీ, ఉప్మా, అన్నం, పెరుగుతో ఆపండి. చేపలు వండాలంటే బయట వండుకోండి. లోపల వండితే ఆ వాసన పరుపులో నాలుగు రోజులుంటుంది. పొద్దుటి టిఫిన్‌కి అంబాజీపేట వైపు పొట్టిక్కలు వెతుక్కుని తినండి. పనసాకు బుట్టలో ఆవిరికి ఉడికిన ఆ ఇడ్లీ వేడిగా ఉన్నప్పుడే తినాలి. పులస చేప వరదల నెలల్లోనే వస్తుంది, జనవరిలో పులస అని చెప్పి అమ్మితే కొనకండి.

11. ఏదైనా జరిగితే

అత్యవసరానికి 112, అంబులెన్సుకు 108. ఫోను చేసినప్పుడు చెప్పడానికి వీలుగా ఆగిన ప్రతి చోటా ఊరి పేరు, మండలం పేరు ఒక కాగితం మీద రాసి డాష్‌బోర్డు మీద పెట్టండి. ఇలాంటి ఊళ్లలో "లంక", "పాలెం", "పాడు" అని ముగిసే పేర్లు చాలా ఉంటాయి, కంగారులో ఒకదానికి ఒకటి చెప్పేస్తాం. రోజూ రాత్రి ఆగిన చోటు ఇంట్లో ఒకరికి లొకేషన్ పంపండి. పెద్ద ఆసుపత్రి కావాలంటే అమలాపురం లేదా కాకినాడ వెళ్లాలి.

12. బండి అప్పగించే ముందు

ఉప్పుగాలి బండి అడుగును తినేస్తుంది. ఆఖరి రోజు పేరుపాలెం నుంచి వచ్చాక పాలకొల్లులోనో భీమవరంలోనో వాటర్ సర్వీసింగ్‌లో అడుగు భాగం, చక్రాల లోపలి వైపు మంచినీళ్లతో కడిగించండి.

- నీళ్ల ట్యాంకు, వాడిన నీళ్ల ట్యాంకు ఖాళీ
- టాయిలెట్ డబ్బా కడిగి, మూత తెరిచి ఆరబెట్టి
- ఫ్రిజ్ ఆపి, తలుపు ఓరగా తెరిచి
- సిలిండరు వాల్వు మూసి, రెగ్యులేటరు తీసి
- పరుపుల కింద, మెట్ల దగ్గర ఇసుక ఊడ్చి
- తీసుకున్నప్పటి వీడియో పక్కన పెట్టుకుని, అదే వరుసలో మళ్లీ వీడియో తీసి
- డిపాజిట్ ఎప్పుడు, ఏ ఖాతాకు తిరిగి వేస్తారో మెసేజ్‌లో రాయించుకుని, తర్వాతే తాళాలు ఇవ్వండి